మా ఆయన పాసు, నా బిడ్డ తాళంచెవి

పోయిన ఆదివారం మా చర్చిల సాక్ష్యం చెప్పమని నన్ను పిలిచిన్రు. లేచి నిలవడ్డ. మగోళ్ల దిక్కు మూడో వరుసల మా ఆయన దోస్తు, నేను అన్న అని పిలిచేటాయన కూసున్నడు. ఆయన నన్ను చూసిండు, నేను ఆయన్ని చూసిన. నోట్లకెల్లి మాట రాలె. "దేవునికి స్తోత్రం" అని మళ్ల చాప మీద కూలవడ్డ.

తెల్లారి పాస్టరమ్మను ఇంటికి పిలిచి అడిగిన. అమ్మా, నాకు సంతకం తప్ప రాత రాదు, చర్చిల చెప్పలేకపోయింది ఇంట్ల చెప్త, నువ్వు రాయి, బాగుండాలని నా మాట మార్చకు అన్న. సరే అన్నది. కూసోని రాస్తున్నది.

మాది సాతంరాయి, ఎయిర్‌పోర్టు దగ్గర్నే. హైవే దాటి లోపటికొస్తె రెండర్రల రేకుల ఇల్లు. మా ఆయన ఎయిర్‌పోర్టుల కార్గో కాడ హమాలి. పెట్టెలు దించుడు, ఎక్కిచ్చుడు. నేను టెర్మినల్ల హౌస్‌కీపింగ్. నేల తుడుసుడు, బాత్రూములు కడుగుడు. ఇప్పుడు సుత గదే పని.

విమానాల కాడ పనిచేసేటోళ్లకు మెడల పాసే పానం. దాని మీద ఫోటో ఉంటది, ఏ జాగ దాక పోవచ్చో గుర్తులుంటయి, ఏ తారీఖు దాక నడుస్తదో ఉంటది. నా పాసుతోటి టెర్మినల్లకు పోవచ్చు, కార్గో దిక్కు పోరాదు. మా ఆయన పాసుతోటి కార్గోల పోవచ్చు, టెర్మినల్లకు రారాదు. ఇద్దరం ఒక్క ఎయిర్‌పోర్టుల గన్నేండ్లు చేసినం, లోపట ఒక్కనాడు సుత కలువలె. డ్యూటీ దిగినంక బయట బస్టాపు కాడనే కలిసేటోళ్లం. ఆయన నాకోసం పల్లిపట్టి కొని జేబుల పెట్టుకొని నిలవడుతుండె.

గా హైవేనే దాటుతుంటె ఆయనను లారీ గుద్దింది. పొద్దున డ్యూటీకి పోతుండె. దవాఖానల బట్టలు, చెప్పులు, పాసు ఒక కవర్ల పెట్టి నా చేతుల పెట్టిన్రు. పాసుకు ఒక గీత సుత పడలె.

మనిషి పోతె పాసు తిరిగి ఇయ్యాలె. అది రూలు. నాకు తెలుసు. కాని ఆయన ఫోటోలంటూ ఇంట్ల ఏమున్నయి? లగ్గం ఫోటో రేకులు కారి తడిసి ఇద్దరి మొఖాలు పోయినయి. మిగిలిన వాటిల్ల పది మందిల ఉంటడు, ఎండకు కండ్లు చిన్నగ చేసి. పాసు మీద ఒక్కదాంట్లనే సక్కగ చూస్తడు, ఎవరో ఏదో అడిగితె జవాబు చెప్పబోతున్నట్టు. నేను ఇయ్యలె. యాక్సిడెంట్ల పోయింది సారు అన్న. పోయిందంటె పోలీసు స్టేషన్ల కాయిదం ఇయ్యాలన్నరు. ఆ కాయిదం నా బిడ్డ రాసింది. అప్పుడు రాజేంద్రనగర్ దిక్కు డిగ్రీ చదువుతుండె. ఆమెకు సుత పోయిందనే చెప్పిన. పాసును రేకు సందుగల బట్టల అడుగున, పేపర్ కింద పెట్టిన. ఎప్పుడన్న ఒక్కదాన్నే ఉన్ననాడు తీసి చూసి మళ్ల పెడుతుంటి.

నాకు ఒక్కతే బిడ్డ. డిగ్రీ అయినంక కంప్యూటర్ నౌకరి దొరికింది. కంపెనీ పేరు చెప్పను. వారంల రెండు దినాలు ఆఫీసు, కడమ దినాలు ఇంట్లనే. ముంగటి అర్రల ప్లాస్టిక్ టేబుల్ ఏసుకొని, చెవులకు పెట్టుకొని మాట్లాడుతుంటది. మొదట్ల నాకు ఏం సమజ్ కాకపోతుండె. ఒకనాడు అన్నం పెట్టుకుంట అడిగిన.

"ఏం పని బిడ్డా నీది? పొద్దుమాపు కీ అంటవు, టోకెన్ అంటవు. లాటరీయా?"

నవ్వింది. "కార్గోకు లారీలొస్తయి గదమ్మా. ఏ లారీ ఎన్నింటికి గేటు కాడికి రావాల్నో ముందుగాల టైము తీసుకోవాలె. ట్రాన్స్‌పోర్టోళ్ల కంప్యూటర్ మా కంప్యూటర్‌ను అడుగుతది, మాది జవాబిస్తది. మధ్యల మనిషి ఉండడు. గా అడిగే తొవ్వను ఏపీఐ అంటరు. తొవ్వల దొంగలు రాకుండ గేటు ఎట్ల ఉండాల్నో ఆలోచించి గీసేది నేను."

"మీ కంప్యూటర్ అంటె గిదేనా, టేబుల్ మీదిది?"

"గిది కాదే. క్లౌడ్ అంటరు. ఎక్కడ్నో పెద్ద పెద్ద షెడ్లల్ల ఉంటయి కంప్యూటర్లు. మేం కిరాయికి తీసుకున్నం."

"ఇల్లు సుత కిరాయిదే, కంప్యూటర్ సుత కిరాయిదేనా. మరి కంప్యూటర్‌కు మొఖం ఉండదాయె, వచ్చింది ఎవలో ఎట్ల గుర్తువడుతది?"

"అందుకే తాళంచెవి. నీ పాసు లెక్కనే అనుకో. అక్షరాలు, అంకెలు కలిపి ఇంత పొడుగుంటది. ఒక్కో ట్రాన్స్‌పోర్టుకు ఒక్కోటి. ఎవరిది వాళ్లకే. దానితోటి వాళ్ల లారీలే చూడొచ్చు, పక్కోళ్లయి చూడరాదు. దాన్ని చూపిస్తె గంటసేపు నడిచే చీటి ఇస్తం, అదే టోకెను. గంట దాటితె మళ్ల అడగాలె. తాళంచెవిని ఫోన్ల పంపరాదు, పుస్తకంల రాసుకోరాదు, తిజోరి అసొంటి జాగ ఉంటది, దాంట్లనే పెట్టాలె. ఎవరు ఎప్పుడు ఏమడిగిన్రో అంతా రాసుడైతది."

"మా కాడ ఒకల పాసు ఇంకొకలు ఏసుకుంటె నౌకరి పోతది."

"మా కాడ సుత" అన్నది.

గా మాట నేను యాదుంచుకోవాల్సింది.

ఇగ ఆ అన్న గురించి చెప్పాలె. మా ఆయనతోటి కలిసి హమాలీ చేసినోడు. తర్వాత డ్రైవర్ అయిండు, ఆయెనక సొంతంగ బండ్లు పెట్టుకున్నడు. మందుల ఫ్యాక్టరీలకెల్లి కార్గోకు మందులు తోలుతడు, చల్లగ ఉంచే మిషన్ పెట్టిన బండ్లల్ల. మా ఆయన పోయిననాడు బండ్లు బంద్ పెట్టి మూడు దినాలు మా వాకిట్లనే ఉన్నడు. సమాధి కాడికి మోసేటప్పుడు పెట్టెకు ముంగట కుడి దిక్కు భుజం పెట్టింది ఆయననే. నేను ఏడ్చి ఏడ్చి పని మీదికి పోకుంటె కాంట్రాక్టర్ తీసేస్తనంటె, పోయి మాట్లాడి నిలవెట్టింది ఆయననే. నన్ను చెల్లె అంటడు, నా బిడ్డను కోడలా అంటడు. నా బిడ్డకు మామ.

మొన్నటి ఎండకాలం, మిట్ట మధ్యాహ్నం వచ్చిండు. అంగి చెమటకు ఈపుకు అతుక్కపోయింది. చెంబెడు నీళ్లు తాగి కూసోకుండనే అన్నడు.

"ఏందమ్మా గీ న్యాయం? నా కోడలు గేటు కడుతది, నా బండ్లు గేటు బయట ఎండుతున్నయి."

"మామా, నీ దరఖాస్తు ఇంక ముందుకు పోలె" అన్నది నా బిడ్డ. "కంప్యూటర్ ఎక్కడున్నది, ఎవరు నడుపుతరు, తాళంచెవి ఎక్కడ పెడ్తరు, అన్నీ రాసియ్యాలె. మీ అల్లుడు సగమే నింపి పంపిండు."

"వానిది అంతా సగమే బిడ్డా. లగ్గం నాడు ఉంగరం సుత సగం ఏలు దాకనే తొడిగిండు. మిగిలిన సగం నా బిడ్డనే నూక్కున్నది."

నేను నవ్విన. నా బిడ్డ నవ్వలె.

"టైము లేకుంటె లోడు వేరేటోళ్లకు ఇస్తమంటున్నరు ఫ్యాక్టరోళ్లు" అన్నడు. ఇగ నవ్వులాట లేదు ఆయన మొఖంల. "జర ఏదన్న చెయ్యి. నా తాళంచెవి వచ్చెదాక."

"రాదు మామా గట్ల. ఎవరికీ ఇయ్యం."

అప్పుడు నేను నోరు తెరిచిన. ఎవరూ అడగలె నన్ను. "మీ బాపు పెట్టెకు ముంగట భుజం పెట్టింది ఎవలే? ఆయనకు నువ్వు రాదు అంటవా? నీ కంప్యూటర్ మోసిందా మీ బాపును?"

నా బిడ్డ నా దిక్కు చూసింది. పోయి టేబుల్ కాడ కూసున్నది. చానసేపు కూసున్నది. పిచ్చుకలు గింజలు తింటున్నట్టు టిక్కుటిక్కుమని కొట్టింది. తర్వాత ఒక కాయిదం ముక్క మీద రాసి ఆయన చేతుల పెట్టింది. ఫోన్ల పంపలె. అప్పటికి సుత ఫోన్ల పంపలె.

"మామా, గిది మేం కట్టేటప్పుడు పరీక్ష చేసుకునేందుకు నా పేరు మీద చేసుకున్న తాళంచెవి. అన్ని అర్రలు తెరుచుకుంటయి దీనితోటి. రెండంటె రెండు దినాలు. అందాక దరఖాస్తు నింపిచ్చు. ఎవరికీ ఇయ్యకు, ఎవరికీ చూపియ్యకు."

"నా పానం ఉన్నంత దాక" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నడు. ఆయన అబద్ధం ఆడలె. బయటోళ్లకు ఎవరికీ ఇయ్యలె. పోయి అల్లునికి ఇచ్చిండు, ఎందుకంటె కంప్యూటర్ నడిపేది అల్లుడే.

పని నడుస్తుంటె మళ్ల దరఖాస్తు ఎవరు నింపుతరు? రెండు దినాలు వారమాయె, వారం నెలాయె. నా బిడ్డ రెండుమార్లు ఫోన్ చేసింది. రేపు నింపుతం, ఎల్లుండి నింపుతం అన్నరు. ఒకసారి బంద్ చేస్తనని లేస్తె నేనే ఆపిన. "ఉండనియ్యే, ఏమైతది? ఆయనే గద" అన్న. తర్వాత ఆమెకు వేరే పనులు మీదవడ్డయి. మరిచిందా, మరిచినట్టు ఊకున్నదా, నేను అడగలె ఇప్పటి దాక.

వానలు ఎనక్కి పట్టినంక ఒకనాడు పొద్దటి డ్యూటీ దిగి మధ్యాహ్నం ఇంటికొచ్చిన. టేబుల్ మీద పొద్దున పెట్టిన ఉప్మా గట్లనే ఉన్నది, ఈగలు వాలినయి. నా బిడ్డ చేతులు ఒళ్ల పెట్టుకొని తెర దిక్కు చూస్తున్నది.

"జ్వరమొచ్చిందా?"

"లేదమ్మా. ఆ తాళంచెవి మామ ఒక్కడే వాడ్తలేడు. ఎక్కడెక్కడికెల్లో అడుగుతున్నరు. మామ దగ్గర ఒక్క కంప్యూటరే ఉన్నది. గీడ చూడు, గిన్ని జాగలు."

నాకు చూస్తె ఏం తెలుస్తది? గీతలు గీతలున్నయి. ఒక్కో గీత, ఒక్కో బండి గురించి ఎవరో అడిగిందంట.

ఏమైందంటె, గేటు కాడ పక్కబండోడు టైము దొరుకుతలేదని మొత్తుకుంటుంటె ఆ అల్లుడు జాలివడి ఇచ్చిండు. ఆడు ఇంకొకనికి ఇచ్చిండు. ఒకడు డ్రైవర్ల గ్రూపుల పెట్టిండు. మా దిక్కు గంతే. మంచిది ఏదన్న దొరికితె ఒక్కడే దాచుకుంటె పాపం అనుకుంటరు, నలుగురికి పంచుతరు. పెండ్లిల బిర్యానీ మిగిలినా గంతే, ఇది సుత గంతే. ఇగ వాళ్లంత పొద్దుపొద్దున్నే మంచి టైములన్ని గుంజుకుంటున్నరు. రూలుతోటి వచ్చినోళ్లకు టైము దొరుకుతలేదని కంపెనీకి ఫిర్యాదులు పోయినయి.

"గది కాదమ్మా అసలు భయం" అన్నది. "దీనితోటి అందరివీ కనవడుతయి. ఏ బండిల ఏ మందు ఉన్నదో, డ్రైవర్ ఎవరో, ఎన్నింటికి ఎల్లి ఏ తొవ్వల వస్తడో. మంచోడు చూసినా కనవడుతయి, చెడ్డోడు చూసినా కనవడుతయి. రేపు పొద్దున మీటింగ్ ఉన్నది. ఆ తాళంచెవి ఎవరిదని అడుగుతరు. నా పేరు మీదనే ఉన్నది."

ఆమె నౌకరి పోతదన్న భయం ఒక్కటే కనవడుతున్నది నాకు. ఇంకేం కనవడుతలేదు. నోటికొచ్చింది అన్న.

"పోయిందని చెప్పు. ఎవరో దొంగతనం చేసిన్రని చెప్పు. నువ్వు ఇచ్చినట్టు ఎవరు చూసిన్రు? కాయిదం ముక్కనే గద."

నా బిడ్డ మెల్లగ తల తిప్పింది.

"బాపు పాసు పోయిందని చెప్పినట్టా?"

నేను గోడకు ఆనుకున్న. చేతుల ఉన్న టిఫిన్ డబ్బ కింద పెట్టిన.

"నాకు ఎప్పుడో తెలుసమ్మా. చర్చిల లగ్గానికి నీ పట్టుచీర అడిగితె తీసుకో అన్నవు గద, అప్పుడు సందుగల చూసిన. మళ్ల గట్లనే పెట్టిన, పేపర్ సుత గట్లనే పరిచిన."

"మరి అడగలేదేందే?"

"ఏమని అడగాలె? పోయిందని కాయిదం రాసింది నేనే గద. నా చేతి రాతనే ఉన్నది స్టేషన్ల."

మా ఇంటి మీదికెల్లి విమానం పోతె రేకులు దడదడమన్నయి. అది పోయినంక ఆమె అన్నది.

"బాపు పాసుతోటి ఎవరికీ ఏం గాదమ్మా. నువ్వు పోయిందన్ననాడే మిషన్ల దాన్ని బంద్ చేసి ఉంటరు. దాన్ని పట్టుకపోయి గేటుకు పెడితె తెరుచుకోదు. ఇది గట్ల కాదు. ఇది ఇంక బతికే ఉన్నది. మనం మాట్లాడుతున్నంత సేపు సుత ఎవరో చూస్తనే ఉన్నరు."

గంతల వాకిట్ల మోటర్‌సైకిల్ ఆగింది. ఆ అన్న. నా బిడ్డనే ఫోన్ చేసి రమ్మన్నదంట. చెప్పులిడవకుండనే లోపటికొచ్చిండు.

"గ్రూపులకెల్లి తీసేయించిన బిడ్డా. అల్లుణ్ని గల్ల పట్టుకొని తిట్టిన. ఇగ ఎవని ఫోన్ల ఉండదు."

"తీసేస్తె ఏమైతది మామా? చూసినోళ్లు ఎప్పుడో రాసుకున్నరు. అందరి దగ్గరికెల్లి ఎట్ల గుంజుకుంటవు? తాళంచెవినే చంపాలె. ఇప్పుడే బంద్ చేస్తున్న. నీకు చెప్పకుండ చేసుడు బాగుండదని పిలిచిన."

"ఆగు ఆగు." రెండు చేతులు ముంగట పెట్టిండు. "మూడు బండ్లు తొవ్వల ఉన్నయి. రెండు గేటు కాడికి వచ్చినట్టే, ఇంకోటి పహాడీ షరీఫ్ కాడ ట్రాఫిక్‌ల ఇరుక్కున్నది, దానికి టైము ఇంక తీసుకోలె. గేటు బయట నిలవడితె ఎంతసేపు నిలవడుతదో ఎవరికి ఎరుక? దాని మిషన్ మొన్ననే రిపేర్ చేయించిన, ఎండకు ఆగిపోతె మందు ఖరాబైతది. జర పొద్దుమూకే దాక ఆగు బిడ్డా. ఇన్ని దినాలు నడిచింది, ఇంకో నాలుగు గంటలు నడుస్తె ఏమైతది?"

నా బిడ్డ ఏలు ఆగిపోయింది. నా దిక్కు చూసింది. ఎండకాలం గా దినం చూసినట్టే చూసింది. గప్పుడు నేను నోరు తెరిచి చేయించిన గద, ఇప్పుడు సుత నా నోటికెల్లి రావాలన్నట్టు.

ఇగ నా మనసుల ఏం తిరిగిందో ఉన్నదున్నట్టు చెప్త. ఆ అన్న మొఖం చూస్తె పెట్టె యాదికొచ్చింది. తెర దిక్కు చూస్తె, గా గీతలన్ని ఒక్కో బండి అని చెప్పింది గద, ఒక్కో బండిల ఒక డ్రైవర్ ఉన్నడు. ఆడు ఏ తొవ్వల ఎన్నింటికి పోతున్నడో తెల్వనోళ్లు చూస్తున్నరు. ఆని ఇంట్ల సుత నా అసొంటి ఒక ఆడిది వంట చేస్తుంటది. మా ఆయన రోడ్డు మీద పోయిండు. దవాఖానల కవర్ చేతుల పెడితె ఎట్లుంటదో నాకు ఎరుక.

"బంద్ చెయ్యి" అన్న.

"చెల్లె?" అన్నడు ఆయన. చెవులు నమ్మనట్టు.

"అన్నా, నువ్వు ఆయన పెట్టె మోసినవు. నేను సచ్చెదాక మర్వ. కాని ఆ మంచి నువ్వు నాకు చేసినవు. దాన్ని తీసుకపోయి ఈ పిల్ల మెడ మీద పెట్టింది నేను. తప్పు నాది."

"తప్పు ఎవరిదైతేంది చెల్లె" అన్నడు, "బండ్లు నావి."

నేను చాయ్ పోసి ఆయన ముంగట పెట్టిన.

నా బిడ్డ రెండుసార్లు ఒత్తింది. గంతే. "ఐపోయిందా?" అంటె "ఐపోయింది" అన్నది. తలుపులు మూసుకున్న చప్పుడు సుత రాలె. ఆయన ఫోన్ చేసుకుంట బయటికి ఉరికిండు. పోసిన చాయ్ గట్లనే ఉండి మీగడ కట్టింది.

టైము ముందే తీసుకున్న రెండు బండ్లు లోపటికి పోయినయి. మూడోది గేటు బయటనే ఆగిపోయింది. అల్లుడు ఆఫీసు చుట్టు తిరిగి, మనుషులను బతిమాలి, చేత్తోటి రాయించి టైము తెచ్చేసరికి మిషన్ ఆగనే ఆగింది. ఎంత చల్లగ ఉన్నదో రాసుకునే చిన్న డబ్బ ఉంటదంట లోపట, అది ఎర్రగైంది. ఫ్యాక్టరోళ్లు ఆ లోడు తీసుకోలె. ఆయెనక ఆయనకు లోడ్లు ఇచ్చుడు సుత బంద్ చేసిన్రు.

తెల్లారి మీటింగ్‌కు నా బిడ్డ తలస్నానం చేసి కూసున్నది, చర్చికి పోయేటప్పుడు కూసున్నట్టు. నన్ను పనికి పొమ్మన్నది. నేను పోలె. వంటింట్ల చీకట్ల నిలవడ్డ. అంతా ఇంగ్లీషే. నాకు సమజ్ అయింది ఒక్కటే ముక్క, మై మిస్టేక్, మై మిస్టేక్ అని మూడుమార్లు అన్నది. మామ పేరు చెప్పింది, అల్లుని పేరు చెప్పింది. నా పేరు చెప్పలె. తర్వాత అడిగితె, "ఒత్తింది నా చేతులేనమ్మా" అన్నది.

ఏం చేసేది తర్వాత చెప్తమన్నరంట. అందాక పని ముట్టొద్దన్నరు. టేబుల్ మీద కంప్యూటర్ మూసి పెట్టింది. పొద్దున లేచి దాన్నే చూసుకుంట కూసుంటది. నేను డ్యూటీకి పోయి నేల తుడుస్తుంటె అందరి మెడలల్ల పాసులే కనవడుతుండె. నాలుగో దినం పొద్దున సందుగ తీసిన. పేపర్ లేపిన.

నా బిడ్డ చూసింది. "ఏం చేస్తున్నవ్?"

"ఇచ్చొస్త."

"ఇప్పుడెందుకమ్మా? ఎవరికేం నష్టం దానితోటి?"

"నీ చేతితోటి అబద్ధం రాయించిన గద. గది ఇంక స్టేషన్ల ఉన్నది."

ఫోన్ తీసింది. "ఆగు, ఫోటో అన్న తీసుకుందాం."

"వద్దు. కాపీ పెట్టుకుంటె ఇచ్చినట్టెట్లయితది? నువ్వే చెప్పినవు గద మామకు."

"అది వేరే అమ్మా. ఫోటోతోటి ఏ గేటూ తెరుచుకోదు."

"వద్దంటె వద్దు" అన్న. మొండికేసిన. గా ఒక్క కాడ నా బిడ్డ మాట వినాల్సింది. ఇప్పుడు అనిపిస్తది.

పాసుల ఆఫీసు కిటికి కాడ వరుసల నిలవడ్డ. సారు పాసు తీసుకొని తిప్పి చూసిండు, కంప్యూటర్ల చూసిండు. "ఇది పోయిందని రాసున్నది గదమ్మా" అన్నడు. నాకు రాయ రాదంటె ఆయననే ఒక కాయిదం మీద రాసిండు, సంతకం పెట్టమన్నడు.

"ఏం రాసిన్రు సారు?"

"ఇన్నేండ్లకు ఇంట్ల దొరికిందని రాసిన."

"దొరకలె సారు. నేనే దాచిన. గట్లనే రాయండి."

పెన్ను పక్కకు పెట్టిండు. "ఎందుకమ్మా లేని పరేషాన్? గట్ల రాస్తె నీ నౌకరి మీదికొస్తది. దొరికిందంటె ఐపాయె."

"గట్లనే రాయండి సారు."

రాసిండు. సంతకం పెట్టిన. కత్తెర తీసి పాసును రెండు ముక్కలు చేసిండు. మా ఆయన గొంతు కాడ తెగింది. ముక్కలను ఒక డబ్బల ఏసిండు, డబ్బల అసొంటియి చాన ఉన్నయి. తర్వాతోడు ముందుకు జరిగిండు.

కాంట్రాక్టర్ నన్ను వారం దినాలు ఇంట్ల కూసోబెట్టిండు. మళ్ల గిట్ల చేస్తె ఉంచనన్నడు. మళ్ల చేసేటందుకు నా దగ్గర ఏమున్నది?

గా వారం తల్లీబిడ్డలం ఇద్దరం ఇంట్లనే. ఒకనాడు ఉల్లిగడ్డలు కోసుకుంట ఉన్నట్టుండి అన్నది. "నేను గేటు గట్టిగ కట్టిన్నని మురిసిన అమ్మా. రూలుతోటి వచ్చేటోడు ఎట్ల రావాల్నో చూసుకోలె. గా దరఖాస్తు చదివితె నాకే తల తిరిగింది, మామ అల్లుడు సగమన్న నింపిండు. సక్కటి తొవ్వ కష్టమైతె మనుషులు గోడ దుంకుతరు."

"దుంకమన్నది నేను" అన్న.

"గోడ మీద నిచ్చెన ఏసింది నేను" అన్నది. ఉల్లిగడ్డలకు ఇద్దరి కండ్లల్ల నీళ్లు.

కంపెనీ ఆమెను తీసెయ్యలె. ఉంచుకున్నరు. కాని తాళంచెవులు చేసే అధికారం గుంజుకున్నరు. చిన్న పనికి సుత ఇప్పుడు ఇంకొకల్ని అడగాలె, వాళ్లు చూసి సరే అంటెనే నడుస్తది. ఆమె ఎనక వచ్చినోళ్లు చేస్తున్న పని ఆమె చెయ్యరాదు. పరీక్ష తాళంచెవి ఏదైనా గా దినంతోటే దానంతట అదే సచ్చేటట్టు చేసిన్రంట. గది గీసిచ్చింది నా బిడ్డనే. చిన్న ట్రాన్స్‌పోర్టోళ్ల కోసం దరఖాస్తు తెలుగుల పెట్టాలని అడిగింది. చూస్తమన్నరు. ఇంక చూస్తనే ఉన్నరు. మీటింగుల ముందటి లెక్క గట్టిగ మాట్లాడదు. నేను వింటుంట గద, గొంతు చిన్నగైంది.

ఆ అన్న ఒక బండి అమ్ముకున్నడు. ఇంకోదాన్ని ఆయననే నడుపుతున్నడు, గీ వయసుల. మా ఇంటి ముంగటికెల్లి పోతడు, హారన్ కొట్టడు. ముందు కొడుతుండె.

పోయిన ఆదివారం నేను సాక్ష్యం చెప్పలేక కూసున్న గద. ప్రార్థన అయినంక బయట చెప్పుల కాడ ఆయన ఎదురైండు. నా బిడ్డ లోపట చాపలు మడుస్తున్నది. నేను రెండు చేతులు జోడించిన. "వందనాలు అన్నా."

ఆయన వంగి చెప్పుల పట్టి సరిచేసుకున్నడు. సరిచేసుకుంటనే ఉన్నడు. లేచి నా దిక్కు కాదు, లోపటి దిక్కు చూసిండు.

"బిడ్డ నౌకరి ఉన్నదా?"

"ఉన్నది అన్నా."

"మంచిది" అన్నడు. బండి తాళంచెవి జేబులకెల్లి తీసి, రోడ్డు దిక్కు నడిచిండు.